బూడిదరంగు వంతు

సూరీడమ్మ టిఫిన్ కొట్టు ముందు ఆ ఉదయం కూడా ఒక్కరూ నిలబడి లేరు. గిరాకీ లేక కాదు, భీమిలిలో సగం ఊరు ఆమె చేతి ఇడ్లీలే తింటుంది. ఎవరి వాయ దిగే వేళకు వాళ్ళ చేతి కంకణం చిన్నగా వణుకుతుంది. ఇంట్లో పళ్ళు తోముకుంటున్నవాళ్ళు, రేవులో పడవ కడుక్కుంటున్నవాళ్ళు ఆ పని ముగించుకుని, పళ్ళెం సిద్ధమయ్యే సమయానికి వచ్చి పట్టుకుపోతారు. తోసుకోవడాలు లేవు, నేను ముందొచ్చానంటే నేను ముందొచ్చానని కొట్లాటలు లేవు. అసలు అలాంటి కొట్లాట ఒకటి ఉండేదని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

వరసలో నిలబడటం మనవాళ్ళకు ఏనాడూ చేతకాలేదు. అందుకేనేమో, నిలబడే పనే లేకుండా చేసిన వంతుకంకణం ఈ తీరంలోనే పుట్టింది. బస్సులో సీటు, బళ్ళో చోటు, రేషన్, ఆస్పత్రిలో మంచం, అన్నీ అది చెప్పిన ప్రకారమే. ఎవరి అవసరం ఎంత, ఎవరు ఎంతసేపు ఆగగలరు, ఏ దారి ఖాళీగా ఉంది అన్నది నాడి చూసి, ఒంట్లో వేడి చూసి అదే తేల్చుతుంది. మంత్రిగారి బావమరిదైనా చేపల గంప మోసే మనిషైనా దానికి ఒకటే. జనం దాన్ని దేవుడికంటే ఎక్కువగా నమ్మారు. దేవుడి దగ్గర సిఫార్సులు నడుస్తాయని అందరికీ తెలుసు మరి.

ఆ కంకణాన్ని తయారుచేసిన మృదుల, సూరీడమ్మకు స్వయానా చెల్లెలు. తల్లి చిన్నప్పుడే పోతే, ఆమె అప్పా అని పిలిచే ఈ అక్కే పెంచింది. ఇప్పుడు ఆమె కొట్టు లోపల బల్ల ముందు కూర్చుని, ఇడ్లీని ముక్కలు చేస్తోందే గాని ఒక్క ముక్కా నోట్లో పెట్టడం లేదు.

“తినవే సిట్టీ,” అంది సూరీడమ్మ, చట్నీ వేస్తూ. “ఉత్తుత్తి బాంబుకే ఇంత భయపడతావేటి?”

ఊళ్ళో అందరూ దాన్ని ఉత్తుత్తి బాంబనే అంటున్నారు. అసలు పేరు సహాయ నిరూపణ. అణ్వాయుధాలను నిషేధించే ఒప్పందంలో లోకంలోని చాలా దేశాలు ఎప్పుడో చేరిపోయాయి. చేరనివి కొన్నే, కాని ఆయుధాలున్నది ఆ కొన్నిటి దగ్గరే. ఆ నిషేధం చేరనివాళ్ళకు కూడా వర్తిస్తుందా అన్న ప్రశ్న ఇప్పుడు అంతర్జాతీయ న్యాయస్థానం ముందుంది. నిషేధం కోరేవాళ్ళు ఒకటే మాట అన్నారు: ఏ ఆయుధం దెబ్బ తగిలాక గాయపడ్డవాళ్ళను ఆదుకోవడం ఎవరి తరమూ కాదో, ఆ ఆయుధం ఎవరి చేతిలోనూ ఉండకూడదు. చేరని దేశాల కూటమి ఆ మాటనే పట్టుకుంది. ఆదుకోవడం సాధ్యమే, చేసి చూపిస్తాం, వంతుకంకణం ఉండగా మీకు దిగులెందుకు అంది.

అందుకని ఈ రోజు భీమిలి మీద ఒక బాంబు పడినట్టు అనుకుంటారు. పడిన బాంబు కంకణాలకు మాత్రమే తెలుస్తుంది. ఎవరెక్కడున్నారో చూసి, వాళ్ళకు తగలాల్సిన గాయాన్ని అదే నిర్ణయించి, రంగు చూపిస్తుంది. పచ్చ వెలిగినవాళ్ళు తమ కాళ్ళ మీద తాము ఊరు దాటాలి. పసుపు వెలిగినవాళ్ళు ఆగగలరు. ఎరుపు వెలిగినవాళ్ళను వెంటనే అంబులెన్సు బళ్ళలోకి చేర్చాలి. బూడిదరంగు వెలిగితే ఇక వంతు రానట్టే. వాళ్ళు ఉన్నచోటే పడుకోవాలి, మిగిలినవాళ్ళు వాళ్ళ దగ్గర ఆగకూడదు. ఒకరు ఆగితే వెనక దారంతా ఆగుతుంది, బతకాల్సిన ఎరుపువాళ్ళు పోతారు. ఊళ్ళో వారం రోజులుగా ఇదే పాఠం చెబుతున్నారు.

మృదులకు కూటమి మీద ప్రేమేమీ లేదు. కాని తన కంకణం మీద నమ్మకం ఉంది, ఆ నమ్మకానికి ఒక చావు మూలం. ఒక తుఫాను రాత్రి గోడ కూలి సూరీడమ్మ భర్త సూర్రావుకు పక్కటెముకలు విరిగాయి. ఆస్పత్రి వరండా నిండా జనం. సూరీడమ్మ చీటీ కోసం తోపులాటలో నిలబడింది. చీటీ పట్టుకుని వచ్చేసరికి ఆయన నేల మీదే పోయి ఉన్నాడు. మందు అందలేదన్న బాధ ఆమెకు కొన్నాళ్ళకు తగ్గింది. పోయేవాడి గొంతులో గుక్కెడు నీళ్ళు పొయ్యలేకపోయానన్న బాధ మాత్రం తగ్గలేదు. ప్రతి ఏడూ ఆయన తద్దినం నాడు ఆ ఒక్క మాటే అని ఊరుకుంటుంది. ఇంకెవరూ వరండాలో అలా పోకూడదని మృదుల వంతుకంకణం చేసింది. ఇప్పుడు లోకమంతా చూస్తుండగా ఆ కంకణం చేతకానిదని తేలితే, తన బతుకంతా చేతకానిదని తేలినట్టే ఆమెకు. సాయం సాధ్యమని తేలితే మంచిదే కదా, అందులో తప్పేముంది అని నెల రోజులుగా తనకు తాను చెప్పుకుంటోంది.

ఇడ్లీ వదిలేసి లేచింది. సూరీడమ్మ ఆమె భుజానికి అంటిన పిండి దులిపి పంపింది.

పావురాళ్ళకొండ మీద గుడారం వేసి, అందులో క్రమదర్శినిని నిలబెట్టారు. ఊళ్ళోని ప్రతి మనిషీ ఒక చుక్కగా కనిపించే పెద్ద తెర అది. మృదులకు ఒక పక్కన కూటమి న్యాయవాది శ్రీకరరావు, రెండో పక్కన న్యాయస్థానం పంపిన పరిశీలకురాలు సౌలే. శ్రీకరరావు హైదరాబాదు మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు, అవతలివాళ్ళకే తాము అరుస్తున్నామేమో అనిపించేలా మాట్లాడతాడు. సౌలేది కజకిస్తాన్. చెవిలో పెట్టుకున్న చెవిదుబాసి ఎవరేమన్నా ఆమె భాషలోకి, ఆమె ఏమన్నా ఎదుటివాళ్ళ భాషలోకి మారుస్తుంది. పొద్దున్నుంచి దానికి పెద్దగా పని పడలేదు.

సైరన్ మోగింది. ఒక్క క్షణం తెర తెల్లగా మారి, మళ్ళీ చుక్కలతో నిండింది.

బూడిదరంగు అంత ఉంటుందని మృదుల కూడా అనుకోలేదు. రేవు పక్కనున్న వీధులన్నీ బూడిదే. ఊళ్ళోని రెండు ఆస్పత్రులూ కూలిపోయినట్టే కంకణాలు లెక్కగట్టాయి. డాక్టర్లలో, నర్సుల్లో చాలామంది చుక్కలు బూడిదరంగులోనే ఉన్నాయి. బాంబు డాక్టరు ఇంటినీ రోగి ఇంటినీ వేరుగా చూడదు కదా. బయటినుంచి రావాల్సిన బళ్ళు విషపుగాలి హద్దు దగ్గర ఆగి, లోపలివాళ్ళు తమంతట తాము అక్కడికి చేరడం కోసం చూస్తున్నాయి. అంతా పచ్చవాళ్ళ నడక మీదే ఆధారపడి ఉంది.

ఆ నడకే సాగడం లేదు. ప్రతి వీధిలోనూ చుక్కలు కొంచెం కదిలి ఆగుతున్నాయి. ఎక్కడ బూడిదచుక్క ఉంటే అక్కడ పచ్చచుక్క నిలబడిపోతోంది. వెనక మోసుకొస్తున్న ఎరుపుచుక్కలు ఒక్కొక్కటే మసకబారుతున్నాయి.  మృదుల డ్రోన్ కన్నును ఒక వీధిలోకి దింపి చూసింది.

ఒక ముసలామె అరుగు మీద పడుకుని ఉంది. మనవడు ఆమె తల ఒళ్ళోకి తీసుకుని సీసాలో నీళ్ళు నోట్లో పోస్తున్నాడు. పొలమారి ఆమె వాడిని తిడుతోంది, ఇద్దరూ నవ్వుతున్నారు. నవ్వుతూనే ఉన్నారు గాని నీళ్ళు పొయ్యకుండా వాడు లేవలేదు. పక్క వీధిలో ఎవరో బిందె తెచ్చి నడి రోడ్డు మీద పెట్టారు. వచ్చేవాళ్ళంతా దోసిలి ముంచుకుని, తమవాళ్ళకు పోసి, తమవాళ్ళు కానివాళ్ళకూ పోసి వెళుతున్నారు. ఉత్తుత్తి చావే. కాని అలా పడుకున్న మనిషిని నీళ్ళు పొయ్యకుండా దాటి వెళ్ళడం ఎవరికీ మనస్కరించడం లేదు. వారం రోజులు పాఠం చెప్పినవాళ్ళలో ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు.

“ఏం చేస్తున్నారు వాళ్ళు?” అని సౌలే అడిగింది. మృదుల చెప్పింది. సౌలే ఆ మాటను రాసుకుంది.

శ్రీకరరావు దగ్గరగా వచ్చి, ఇలా సాగితే నిరూపణ ఓడిపోతుందన్నాడు. ఓడిపోతే ఓడిపోనివ్వండి, కూటమి ఇంకో వాదన వెతుక్కుంటుంది, కాని రేపటినుంచి వంతుకంకణాన్ని ఎవరు నమ్ముతారని అడిగాడు. రెండోసారి చేసే అవకాశం న్యాయస్థానం ఇవ్వదు. నిజంగా బాంబు పడినా అధికారులు వీధుల్లోకి దిగి జనాన్ని నడిపిస్తారు, కాబట్టి దిగడం నిబంధనలకు విరుద్ధం కూడా కాదు. “మీ ఊరు, మీ మనుషులు. మీరు ఒక్కసారి ఆగకుండా నడిచి చూపిస్తే చాలు,” అన్నాడు.

మృదుల దిగింది. హద్దు దాటగానే ఆమె కంకణం కూడా వణికి పచ్చగా వెలిగింది. తయారుచేసిన మనిషికైనా అది మినహాయింపు ఇవ్వదు. అలా ఉండాలని పట్టుబట్టింది ఆమే.

గడియారస్తంభం దగ్గర వీధి పూర్తిగా నిలిచిపోయి ఉంది. పచ్చవాళ్ళు, పసుపువాళ్ళు, మంచాల మీద ఎరుపువాళ్ళు, అందరూ ఒకచోట ఇరుక్కుపోయారు. మృదులను చూసి దారి ఇచ్చారు. పైన డ్రోన్లు గుంపుగా చేరాయి. పది అడుగులు వేశాక అర్థమైంది ఆమెకు, వీధి ఆగింది అక్క కొట్టు ముందని.

సూరీడమ్మ కొట్టు మెట్ల కింద వెల్లకిలా పడుకుని ఉంది. చేతులకు పిండి ఇంకా ఆరలేదు. ముంజేతి మీద బూడిదరంగు. చుట్టూ ఉన్నవాళ్ళు అప్పటికే ఒకరి తరవాత ఒకరు ఆమెకు నీళ్ళు పోసినట్టున్నారు, జాకెట్టు మెడ తడిసిపోయి ఉంది. చెల్లెల్ని చూడగానే ఆమె ముఖం వికసించింది. అంతవరకు పోసినవాళ్ళందరూ ఊరివాళ్ళు. ఇప్పుడు సొంత మనిషి వచ్చింది.

“వొచ్చినావేటే,” అంది. “నీ సేత్తో కూసిని పోసీసి ఎలిపో.”

అని, కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

మృదుల చేతిలో నీళ్ళ సీసా ఉంది. కొండ దిగేటప్పుడు ఎవరో ఇచ్చారు. మూత కూడా తీసే ఉంది. వీధి వీధంతా ఆమె చేతినే చూస్తోంది. ఆమె వంగితే ప్రతివాళ్ళూ వంగుతారు, ఇక ఈ ఊరు కదలదు. వెనక మంచం మీద ఎరుపు వెలుగుతున్న కుర్రది ఒకతె, ఆటలా కాకుండా నిజంగానే ఆయాసపడుతున్నట్టు కనిపించింది. ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. ఆగడం వల్లే కదా బావ పోయాడు అనుకుంది. ఇది ఆటే కదా, సాయంత్రం అక్కకు చెబితే నవ్వేస్తుంది అని కూడా అనుకుంది. 

“లేదప్పా,” అంది. “నాకు పచ్చ వెలిగింది. నేను వెళ్ళాలి.”

పక్కనుంచి తప్పుకుని నడిచింది. గడియారస్తంభం మలుపు దగ్గర ఉండబట్టలేక వెనక్కి చూసింది. సూరీడమ్మ నోరు ఇంకా తెరిచే ఉంది. విన్నదో, వినలేదో, వినీ నమ్మలేదో తెలియదు. కాసేపటికి మెల్లగా మూసుకుంది.

సొంత చెల్లెలే ఆగకుండా వెళ్ళిపోయాక ఇంకెవరాగుతారు. మొదట ఇద్దరు కదిలారు, తరవాత వీధి కదిలింది. రోడ్డు మధ్య పెట్టిన బిందెను ఎవరో పక్కకు జరిపారు. డ్రోన్లు ఆ దృశ్యాన్ని మిగతా వీధుల్లోని తెరల మీద చూపించాయి, అక్కడివాళ్ళూ కదిలారు. క్రమదర్శిని మీద చుక్కలు నిండు ఏరులా సాఫీగా హద్దుకేసి పారాయి. ఎరుపువాళ్ళలో చాలామంది బళ్ళకు చేరారు. నిరూపణ నెగ్గింది.

ముగింపు సైరన్ మోగాక అన్ని కంకణాలూ మామూలు పచ్చరంగుకు తిరిగొచ్చాయి. పడుకున్నవాళ్ళు లేచారు. పొద్దున ఉన్న నవ్వులు ఇప్పుడు లేవు. ఒక వీధిలో ఒకాయన తిరిగొచ్చి భార్యను లేపబోతే, ఆమె అతని చెయ్యి చూడనట్టే గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. ఇంకొక ఇంటి అరుగు మీద ఒక తండ్రి తన పదేళ్ళ కూతురికి, అది ఉత్తుత్తిదేనమ్మా అని పదేపదే చెబుతున్నాడు. ఆ పిల్ల వింటోంది గాని తండ్రి ముఖం చూడటం లేదు. సూరీడమ్మ లేచి, చీర దులుపుకుని, మధ్యాహ్నం పప్పు నానబెట్టడానికి వెళ్ళిందని మృదులకు ఎవరో చెప్పారు.

మధ్యాహ్నం హైస్కూలు హాల్లో వాంగ్మూలం. అది అక్కడినుంచి న్యాయస్థానానికి, లోకానికంతటికీ వెళుతుంది. శ్రీకరరావు నిరూపణ ఫలితాలు చదివి, మృదుల చెప్పాల్సింది ఒకే వాక్యమన్నాడు: సాయం సాధ్యమే.

మృదుల లేచి నిలబడింది. ఆమె నోరు విప్పేలోపు సౌలే చెయ్యెత్తింది.

“నాది ఒక ప్రశ్న,” అంది సౌలే. చెవిదుబాసి గొంతు ఎప్పటిలాగే చదునుగా ఉంది, ఆమె గొంతు మాత్రం కాదు. “మా అమ్మమ్మ ఊరు బాంబుల పరీక్షా మైదానం పక్కన. ఇలాంటివి వింటూ పెరిగాను. హిరోషిమాలో కాలిపోయినవాళ్ళు నీళ్ళు, నీళ్ళు అని అడిగారట. పొయ్యకుండా పరుగెత్తినవాళ్ళలో బతికి బట్టకట్టినవాళ్ళున్నారు. ముసలివాళ్ళయ్యాక కూడా వాళ్ళకు ఆ గొంతులు వినిపిస్తూనే ఉండేవని చెప్పుకున్నారు. మీ కంకణం ఆ పరుగెత్తినవాళ్ళకు ఏ రంగు ఇస్తుంది?”

మృదుల తన ముంజేతికేసి చూసుకుంది.

“పచ్చ,” అంది. “గాయం లేదని చెబుతుంది.”

 శ్రీకరరావు ఆ ప్రశ్నకూ ఫలితానికీ సంబంధం లేదన్నాడు. మృదుల అతనికేసి తిరగలేదు.

“నిరూపణ నెగ్గింది,” అంది. “ఎలా నెగ్గిందో చెప్పడానికి నేనే సాక్షిని. పొద్దున ఈ ఊరు తన మనుషులకు నీళ్ళు పోస్తున్నంతసేపూ ఓడిపోతూనే ఉంది. నేను దిగి మా అక్క నోట్లో నీళ్ళు పొయ్యకుండా నడిచాను. అది చూసి అందరూ నడిచారు. అప్పుడు నెగ్గింది. నేను నేర్పింది సాయం కాదు, తొక్కిసలాట లేకుండా వదిలేసి పోవడం. వదిలేసిపోతే తప్ప ఎవరినీ కాపాడలేని దెబ్బకు సాయమన్నది లేదు. సాయం సాధ్యం కాదని రాసుకోండి. అలాంటి ఆయుధం ఎవరి దగ్గరా ఉండకూడదని కూడా రాసుకోండి.”

శ్రీకరరావు చాలాసేపు అభ్యంతరాలు చెప్పాడు. సౌలే అన్నీ విని, వాంగ్మూలం స్వీకరించామని ఒక్క మాటతో ముగించింది. తీర్పు ఎప్పుడొస్తుందో, వస్తే ఆయుధాలున్నవాళ్ళు వింటారో లేదో ఎవరికీ తెలియదు. అయినా మృదుల మెట్లు దిగుతుంటే చాలా రోజుల తరవాత ఊపిరి నిండుగా ఆడింది. అక్కకు ముందు తానే చెప్పాలని వడివడిగా నడిచింది.

కొట్టులో సాయంత్రం దోసెలు మొదలయ్యాయి. సూరీడమ్మ ఆమెను చూసి, పొద్దున కూడా తినలేదంటూ పళ్ళెం పెట్టింది. పక్కన కూర్చుని, ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. “మంచి మాట సెప్పినావు,” అంది. కారం తక్కువైతే ఇంకొంచెం వేసుకోమంది. ముఖంలో కోపం లేదు. మృదుల మనసు తేలికపడి, గబగబా రెండు ముక్కలు తింది.

అక్క గ్లాసు ఖాళీగా ఉంది. మృదుల చెంబు అందుకుని నీళ్ళు పొయ్యబోయింది. సూరీడమ్మ తన అరచెయ్యి గ్లాసు మీద అడ్డంగా పెట్టింది.

“ఉండనీ. నాను ఒంపుకుంతాను.”

“అప్పా,” అంది మృదుల. “అది ఆట.”

“ఆటేనే. నాకు తెల్దేటి,” అంది సూరీడమ్మ మెల్లగా, చెల్లెలి తల నిమురుతూ. “మీ బావకి నాను పొయ్యలేకపోనాను, లైన్లో ఉండిపోనాను గాబట్టి. నువ్వు నా పక్కనే ఉన్నావు, సీసా నీ సేతిలోనే ఉంది. నీ మీద నాకు కోపం లేదు సిట్టీ. కానీ నాను పోయేనాడు ఇంకెవరిసేతైనా పోయించు. నువ్వు పొయ్యొద్దు.”

లేచి పెనం దగ్గరికి వెళ్ళింది. బయట ఎవరిదో వంతు వచ్చినట్టుంది, ఒక మనిషి వచ్చి పళ్ళెం పట్టుకుపోయాడు. మృదుల చెంబు పట్టుకునే కూర్చుంది. ఆమె ముంజేతి మీద కంకణం పచ్చగా వెలుగుతోంది.